బ్యాటరీ షెడ్డు మట్టి: ఆరు వందల టిప్పర్ల నివేదిక నుంచి షాబాద్ బండల దాకా

ఊరి పేరు, యజమాని వివరాలు, సంవత్సరాలు కావాలనే వదిలేశాను. అంకెలను గుండ్రం చేశాను కానీ, ఏ నిర్ణయమూ తలకిందులయ్యేంతగా దేన్నీ మార్చలేదు. సీసంతో పాడైన మట్టిని మన దగ్గర ఇప్పటికీ నాలుగు సంచుల నమూనాతో తేల్చేస్తున్నారు. అలా తేల్చితే డబ్బు ఎక్కడికి పోతుందో, పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కణ్ణుంచి వస్తుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

స్థలం, దాని చరిత్ర

హైదరాబాద్ శివారులో ఎకరంన్నర స్థలం. ఒకప్పుడు అక్కడ పాత లెడ్-యాసిడ్ బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు కరిగించి సీసం దిమ్మలు పోసేవారు. బ్యాటరీల్లోని యాసిడ్ వెనకవైపు గుంతలోకి పోయేది. బట్టీలో మిగిలిన చిట్టెం, అంటే స్లాగ్, ప్రహరీ గోడ పక్కన కుప్పపడేది. షెడ్డు మూతపడ్డాక కొన్నాళ్లు పాత సామాన్ల గోడౌన్‌గా నడిచింది. తర్వాత వారసులు దాన్ని ప్లాట్లు చేసి అమ్మాలనుకున్నారు. గేటు ముందు ఒక గల్లీ, గల్లీకి రెండు వైపులా చిన్న ఇళ్లు, చివర అంగన్‌వాడీ. షెడ్డు నడిచే రోజుల్లో ఈ ఇళ్లు సగం కూడా లేవు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

కలుషిత స్థలాలను పరిశీలించి బాగుచేయించే మా బృందానికి ఈ పని రెండు వైపుల నుంచి వచ్చింది. స్థలం కొనాలనుకున్న వాళ్ల లాయరు మట్టి నివేదిక అడిగాడు. యజమానులు ఒక సంస్థతో చేయించిన నివేదిక అప్పటికే ఉంది. ఎనిమిది చోట్ల మట్టి తీశారు. అన్నిటికంటే తక్కువ కిలోకు 85 మిల్లీగ్రాముల సీసం, అన్నిటికంటే ఎక్కువ 19,000. సగటు 3,100 అని రాసి, మొత్తం స్థలాన్ని మీటరు లోతు తవ్వి తరలించాలన్నారు. ఎకరంన్నర అంటే దాదాపు 6,000 చదరపు మీటర్లు. మీటరు లోతంటే 6,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు ఆరు వందల టిప్పర్లు. స్థలం అమ్మినా ఆ ఖర్చు తేలేది కాదు.

రెండో వైపు, అదే గల్లీలో పిల్లలకు రక్తహీనత ఎంతకీ తగ్గడం లేదని ఒక డాక్టరుకు అనుమానం వచ్చి రక్తంలో సీసం పరీక్ష చేయించారు. కొందరిలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది, ఒకరిలో 20 పైనే. 5 వచ్చినా మూలం ఎక్కడుందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ రెండింటినీ యజమానులు విడివిడి సమస్యలుగా చూశారు. స్థలం మాది, పిల్లలు గల్లీవాళ్లు అన్నది వాళ్ల లెక్క. పని ఒప్పుకునే ముందు మేం పెట్టిన షరతు ఒక్కటే: పరిశీలన ప్రహరీ గోడ దగ్గర ఆగదు. దానికి ఒప్పుకోవడానికి వాళ్లకు టైం పట్టింది.

ఎనిమిది సంచుల లెక్క ఎందుకు నిలవలేదు

ముందు ఆ సగటునే చూశాం. 19,000 వచ్చిన ఒక్క సంచిని పక్కన పెడితే మిగతా ఏడింటి సగటు 830. అంటే 3,100 అన్నది స్థలం గురించి కాదు, ఒక్క సంచి గురించి చెబుతోంది. ల్యాబులో మిగిలి ఉన్న సంచుల్లో ఒకదాన్ని మళ్లీ చేయించాం. మొదట 700 ఇచ్చిన సంచే ఈసారి 2,600 ఇచ్చింది. ల్యాబు తప్పేమీ లేదు.

కిలో మట్టి సంచిలోంచి ల్యాబు ఆమ్లంలో కరిగించేది అర గ్రామో, గ్రామో. బ్యాటరీ షెడ్డులో సీసం మట్టిలో సమంగా కలిసి ఉండదు, గుళికలుగా ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు వ్యాసమున్న సీసపు ఆక్సైడ్ గుళిక బరువు సుమారు 5 మిల్లీగ్రాములు. గ్రాము మట్టిలో అదొక్కటి పడినా ఫలితం 4,500 దాటుతుంది. పడకపోతే 100 రావచ్చు. ఇలాంటి చోట విడి నమూనాలు తీసి మ్యాపు గీయడం లాటరీ టికెట్లతో ఆదాయం అంచనా వేసినట్టే.

అందుకే ఇంక్రిమెంటల్ శాంప్లింగ్ ఎంచుకున్నాం. పద్ధతి కొత్తదే కానీ, దాని వెనకున్న సూత్రాలు గనుల రంగంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియెర్ గీ దశాబ్దాల కింద తయారుచేసినవి. మొదట అడగాల్సింది ‘ఎక్కడ తీయాలి’ అని కాదు, ‘ఏ ముక్క గురించి నిర్ణయం తీసుకోవాలి’ అని. దాన్ని నిర్ణయ విభాగం అంటాం. ఒక ఇంటి వాకిలి ఒక విభాగం, బట్టీ చుట్టూ ఒకటి, యాసిడ్ గుంత ఒకటి, గేటు ముందు ట్రాక్టర్లు తిరిగిన పట్టీ ఒకటి. ఖాళీ స్థలాన్ని నాలుగు భాగాలు చేశాం, అంగన్‌వాడీ ముంగిలిని విడిగా పెట్టుకున్నాం. ప్రతి విభాగంలో యాభై చోట్ల నుంచి ఒకే పరిమాణంలో చిన్న చిన్న మట్టి ముక్కలు తీసి ఒకే నమూనాగా కలుపుతాం. అదే పనిని మొదటినుంచి మూడుసార్లు వేర్వేరు చోట్ల చేస్తాం. మూడు ఫలితాలూ దగ్గరగా వస్తే సగటును నమ్మొచ్చు. దూరంగా వస్తే ఆ దూరమే మనకు సమాచారం. సగటు ఇంతకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పగల పై హద్దును పట్టుకుని నిర్ణయం తీసుకున్నాం, సగటును పట్టుకుని కాదు.

మట్టిని 150 మైక్రాన్ల జల్లెడతో జల్లించి, కిందికి దిగినదాన్నే పరీక్షకు పంపాం. పిల్లల చేతికి అంటుకుని నోట్లోకి పోయేది ఆ సన్నని మట్టే. గులకరాళ్లతో కలిపి కొలిస్తే అంకె తగ్గి బాగానే కనిపిస్తుంది, ప్రమాదం తగ్గదు.

ఎక్స్-కిరణాలతో మట్టిలోని లోహాలను కొలిచే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాన్ని కూడా వాడాం. ట్రిగ్గర్ నొక్కిన నిమిషంలో అంకె చూపిస్తుంది కాబట్టి దాంతోనే అంతా తేల్చేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. మేం దాన్ని సీసం బాగా పేరుకున్న చోట్ల (హాట్‌స్పాట్ల) అంచులు గీయడానికే పరిమితం చేశాం. తడి మట్టిలో తక్కువ చూపిస్తుంది. యంత్రం చదివే ఎక్స్-కిరణాల్లో సీసం, ఆర్సెనిక్ గీతలు రెండూ 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకదానిమీద ఒకటి పడతాయి, అందుకని సీసం ఎక్కువున్న మట్టిలో అది చూపే ఆర్సెనిక్ అంకెను నమ్మలేం. ఆర్సెనిక్‌ను ల్యాబులోనే చేయించాం. కానీ అదే యంత్రం ఒక గొప్ప మేలు కూడా చేసింది. బ్యాటరీ ప్లేట్ల సీసంలో గట్టిదనం కోసం యాంటిమొనీ అనే లోహం కలుపుతారు. పాత పెయింటు సీసంలో అది సాధారణంగా ఉండదు. కాబట్టి సీసంతో పాటు యాంటిమొనీ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో కనబడితే అది షెడ్డు నుంచి వచ్చిందనుకోవచ్చు.

మ్యాపు చెప్పింది

ఖాళీ స్థలంలో నాలుగింట మూడు వంతులు 150 నుంచి 300 మధ్య వచ్చాయి. అదీ పై పది సెంటీమీటర్లలోనే. దాని కింద మామూలు నేల, 30, 40. బట్టీ చుట్టూ, చిట్టెం కుప్ప కింద, యాసిడ్ గుంతలో మాత్రం వేలల్లో ఉంది.

గల్లీ ఫలితాలు అర్థం కాలేదు. గేటు ముందు పట్టీ 1,200. అది ఊహించిందే, టైర్లు మోసుకొచ్చాయి. కానీ గేటు పక్కనున్న ఇంటి వాకిలి 200 ఉంటే, చివరనున్న రెండు ఇళ్లు 2,000 దాటాయి. గాలికి ఎగిరిన దుమ్ము దూరం పోయేకొద్దీ తగ్గాలి. ఇక్కడ వాకిలికో అంకె ఉంది, వరస అంటూ లేదు. యాంటిమొనీ మాత్రం అన్నిచోట్లా అదే నిష్పత్తిలో ఉంది. మూలం ఒక్కటే, ప్రయాణించిన దారే వేరు.

జవాబు ల్యాబులో దొరకలేదు. ఆ రోజుల్లో అక్కడ ట్రాక్టర్ నడిపిన పెద్దాయన చెప్పాడు: “ఇండ్లు కట్టేటప్పుడు బేస్‌మెంట్ నింపనీకి మట్టి గావాలె గద సార్. షెడ్డు మట్టి, చిట్టెం ఊకనే ఇచ్చిండ్రు. కిరాయి ఇచ్చినోళ్లకు ఏసిన.” ఎవరెవరికి వేశాడో ఆయనకు చాలావరకు గుర్తుంది. ఆయన చూపిన ఇళ్లూ మా మ్యాపులోని ఎర్ర ఇళ్లూ ఒకటే, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటి సంగతి తర్వాత వస్తుంది.

ఇక ఎంత మొత్తం అన్నదొక్కటే చాలదు. కడుపులో ఎంత కరుగుతుందన్నది చూడాలి. శరీర వేడిలో, కడుపులోని ఆమ్లంలా 1.5 పీహెచ్ ఉన్న గ్లైసిన్ ద్రావణంలో మట్టిని గంటసేపు తిప్పి, కరిగిన సీసాన్ని కొలిచే పరీక్ష ఉంది. చిట్టెంలో కరిగింది నాలుగో వంతు కూడా లేదు, సీసం గాజులాంటి పదార్థంలో బిగుసుకుపోయి ఉంది. గల్లీ మట్టిలో నాలుగింట మూడు వంతులు కరిగింది. చూడటానికి భయంకరంగా ఉన్న నల్ల కుప్పలో కిలో కిలోకీ సీసం చాలా ఎక్కువ. కానీ పిల్లల రక్తంలోకి వస్తున్నది మామూలు ఎర్రమట్టిలా కనిపించే వాకిలి దుమ్ము. మా ప్రాధాన్యాల వరస ఇక్కడే మారింది: మొదట ఇళ్లు, తర్వాత గల్లీ, ఆ తర్వాతే ఎకరంన్నర.

హద్దు ఏది పెట్టుకోవాలన్నది ఇంకో చర్చ. కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. ఈ పని మొదలైనప్పటికి అవి లేవు. అప్పట్లో మనవాళ్లు సాధారణంగా కెనడా అంకె తెచ్చుకునేవాళ్లు, నివాస స్థలానికి కిలోకు 140 మిల్లీగ్రాములు. అమెరికాలో ఏళ్ల తరబడి 400 ఉన్న సూచిక అంకెను 2024 జనవరిలో 200కు తగ్గించారు. మేం 140ని ‘ఇంకా పరిశీలించాలి’ అనడానికీ, పిల్లలు తిరిగే వాకిట్లో పై హద్దు 200 దాటితే ‘పని చేయాలి’ అనడానికీ వాడాం. 140 దాటిన ప్రతిదీ తవ్వాలంటే మళ్లీ ఆరు వందల టిప్పర్ల దగ్గరికే వస్తాం.

చేసి చూసినవి, పనిచేయనివి

మేం రాకముందే యజమానులు ఎవరి సలహా మీదో వట్టివేరు, ఆవాలు వేయించారు. మొక్కలు సీసాన్ని పీల్చేస్తాయని చెప్పారట. సీసం వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, కాండంలోకి ఎక్కేది చాలా తక్కువ. ఒక హెక్టారు పంటలో పది టన్నుల ఎండు మొక్క వచ్చి, అందులో కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం ఉందనుకున్నా ఏడాదికి బయటికి పోయేది ఒక కిలో. కిలోకు 1,000 మిల్లీగ్రాములున్న హెక్టారు నేల పై ఇరవై సెంటీమీటర్లలో ఉన్నది 2,800 కిలోలు. సీసాన్ని పట్టుకుని నీటిలో కరిగించే ఈడీటీఏ అనే రసాయనం పోస్తే మొక్క ఎక్కువ తీసుకుంటుంది నిజమే, కానీ కరిగిన సీసం వేళ్లు దాటి బోరు వైపు దిగే ప్రమాదం ఉంది. వట్టివేరును మేం పీకించలేదు. దుమ్ము లేవకుండా పట్టుకుంటుంది కదా, ఆ మేరకు ఉంచాం.

ఫాస్ఫేటు కలిపితే సీసం పైరోమార్ఫైట్ అనే, దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. అది నిజమైన రసాయనమే. ఒక పట్టీలో సున్నం వేసి పీహెచ్ సరిచేసి, సూపర్ ఫాస్ఫేట్ కలిపి చూశాం. 1.5 పీహెచ్ పరీక్షలో తేడా రాలేదు. 2.5 దగ్గర చేస్తే కొంత తగ్గినట్టు కనిపించింది. ఫాస్ఫేటు కలిపిన మట్టికి మామూలు పరీక్ష సరిపోదని తెలిసిందే, కాబట్టి మొదటి ఫలితం చూసి పద్ధతిని కొట్టేయలేం. రెండోది చూసి పిల్లల వాకిలిని దానికి అప్పజెప్పనూ లేం. పైగా ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను మట్టి నుంచి విడిపించి కదిలిస్తుంది. బ్యాటరీ మట్టిలో అదీ ఉంది. ఇళ్లలో వద్దనుకున్నాం.

మూడోది కొంచెం ఆశ్చర్యపరిచింది. తీయడం కుదరని వాకిళ్లలో కింద గుర్తుగా వల పరిచి, పైన పదిహేను సెంటీమీటర్ల శుభ్రమైన మొరం వేసి అణిచితే చాలని కాగితం మీద అనిపిస్తుంది. అన్ని ఇళ్లలో వేసేముందు ఒక ఇంట్లో వేసి కొన్ని నెలలు చూశాం. వాన కొంత కోసింది. అసలు పని చీపురు చేసింది. ఆ ఇంటావిడ నవ్వుతూ, “రోజూ రెండు పూటల ఊడుస్తం గద సార్, మట్టి ఎట్ల నిలుస్తది?” అంది. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గు పెట్టే ఇంట్లో వదులు మట్టి పొర ఏదైనా మెల్లగా గల్లీలోకి వెళ్లిపోతుంది. కుళాయి దగ్గర, గడప ముందు వల బయటపడింది. బయటి దేశాల మార్గదర్శకాల్లో పచ్చిక పెంచి కప్పమంటారు. ఇక్కడ పచ్చిక బతకదు, ఎవరూ బతకనివ్వరు కూడా.

పనిచేసినవి

ఎవరి చేతా ఒప్పందం మీద సంతకం పెట్టించకముందే మొదలైంది ఇంటి లోపలి పని. పొడి చీపురు బదులు తడిగుడ్డతో తుడవడం, అన్నానికి ముందు చేతులు కడగడం, పిల్లల మంచం గడప దగ్గర్నుంచి లోపలికి జరపడం. మూలాన్ని తీయకుండా ఇవి ఎక్కువ కాలం నిలవవు. కానీ మూలం తీయడానికి నెలలు పడుతుంది, పిల్లలు అంతవరకూ ఆగలేరు.

పనుల వరసలో ఒక చిక్కు ఉంది. ఇళ్లే మొదటి ప్రాధాన్యం. అయితే గేటు పట్టీ శుభ్రం కాకుండా వాకిళ్లు బాగుచేస్తే టైర్లు మళ్లీ తెచ్చి వేస్తాయి. అందుకే ఒకే ఎండాకాలంలో గేటు పట్టీ, గల్లీ, వాకిళ్లు వెంటవెంటనే చేశాం, లోపలి హాట్‌స్పాట్లను తర్వాతకు పెట్టాం. వాకిళ్లలో పై ఇరవై సెంటీమీటర్లు తీసి, నారింజ రంగు వల పరిచి, మొరం అణిచి, దానిమీద షాబాద్ బండలు వేసి సందులు సిమెంటుతో మూశాం. బండ ఊడిస్తే పోదు, కడగొచ్చు, ముగ్గు పెట్టొచ్చు. ఖర్చు మొరం కంటే ఎక్కువే. అయినా ఇళ్లవాళ్లు ఇష్టంగా కాపాడుకునేది అదొక్కటే. కోళ్లు, చెట్టు ఉన్న ఒకటి రెండు చోట్ల బండ కుదరక ముప్పై సెంటీమీటర్ల మట్టి మార్చాం.

బట్టీ చుట్టూ ఉన్న మట్టినీ చిట్టెం కుప్పనూ తవ్వి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. చెత్తకుప్పలో పడితే ఎంత సీసం నీటిలోకి ఊరుతుందో చూసే టీసీఎల్‌పీ పరీక్షలో లీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు దాటింది కాబట్టి అక్కడ వేరే ఆలోచన లేదు. కడుపులో తక్కువ కరుగుతుందని చిట్టెం వదిలేద్దామని ఒకరు వాదించారు. అది ఇవాళ్టి చిట్టెం సంగతి. నలిగి పొడైతే రేపటి దుమ్ము అదే. తవ్వేటప్పుడు నీళ్లు చల్లడం, టార్పాలిన్, టైర్లు కడిగాకే బయటికి పంపడం, కూలీల బట్టలు ఇంటికి పోకుండా అక్కడే ఉతికించడం అన్నీ ఒప్పందంలోనే రాయించాం.

ఖాళీ స్థలంలో పై పది సెంటీమీటర్లు గీకి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతితో, లేఅవుట్ లోపలి సీసీ రోడ్ల కింద పొరగా వేశాం. అది నలభై, యాభై టిప్పర్ల మట్టి, ఆ స్థలం దాటి పోలేదు.

యాసిడ్ గుంత దగ్గర ఎక్కడ ఆపాలన్నది కష్టమైన నిర్ణయం. సీసం మామూలుగా మట్టిని పట్టుకుని పైనే ఉంటుంది. ఆమ్లం పడినచోట పీహెచ్ 3.5కి దిగి సీసం కిందికి కదిలింది. మీటరు దాటాక కూడా ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంకె తగ్గలేదు. తవ్వుతూ పోతే బండరాయి తగిలేదాకా పోవాలి. చుట్టుపక్కల బోర్లలో సల్ఫేటు ఎక్కువగా ఉంది కానీ సీసం కనబడలేదు. అంత లోతు మట్టిని తాకేవాళ్లు లేరు. కాబట్టి మీటరుంపావు దగ్గర ఆపి, అడుగున సున్నం కలిపి, బంకమట్టి అణిచి, పైన కాంక్రీటు వేసి, లేఅవుట్‌లో ఆ భాగాన్ని పార్కుకు కాకుండా పార్కింగ్‌కు కేటాయింపజేశాం. మిగిలిపోయిన కాలుష్యం గురించి ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్)లో ఎక్కడా కనిపించదు. అందుకే అమ్మకపు దస్తావేజు షెడ్యూల్‌లోనే కొలతలతో సహా రాయించాం. లాయరుకు నచ్చలేదు, ధర తగ్గుతుందన్నాడు. కొంత తగ్గింది కూడా.

తర్వాత

పిల్లల రక్తంలో సీసం మెల్లగా దిగింది. రక్తంలోది నెలల్లో తగ్గినా ఎముకల్లో దాక్కున్నది ఏళ్ల తరబడి వస్తూ ఉంటుంది, కాబట్టి డాక్టరు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఒక్క ఇంట్లో బాబుకు మాత్రం అస్సలు దిగలేదు. పైన చెప్పిన, ట్రాక్టర్ పెద్దాయన జాబితాలో లేని ఇల్లు అదే. వాకిట్లో మట్టి మార్చి బండలు వేశాక కూడా ఇంటి లోపలి దుమ్ములో సీసం, యాంటిమొనీ రెండూ కొత్తగా పెరిగాయి. అడిగితే తేలింది, తండ్రి పనిచేసేది వేరే ఊళ్లో బ్యాటరీ షాపులో. పని బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లాణ్ని ఎత్తుకుంటాడు. ఆ ఇంటికి మట్టి పని అవసరమే, కానీ సరిపోదు. షాపులోనే స్నానం, బట్టల మార్పిడి మొదలయ్యాక అంకె కదిలింది.

ఇంకో సైటుకు వెళ్తే ట్రాక్టర్ డ్రైవర్లను, ఇటుకలు, మట్టి తోలినవాళ్లను నమూనాల ప్రణాళిక వేయకముందే కలుస్తాను. నిర్ణయ విభాగాల గీతలు వాళ్ల మాటలతో మారతాయి. 2025 నిబంధనల ప్రకారం అనుమానిత స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం నుంచి రావాలి, రాష్ట్ర మండలి ప్రాథమిక అంచనా వేయాలి. ఆ మొదటి అంచనాలో ఎలాగూ కొన్ని సంచులే తీస్తారు. వాటిని విడి సంచులుగా కాక, తక్కువ విభాగాల్లోనైనా ఇంక్రిమెంటల్ పద్ధతిలో తీస్తే తర్వాతి సర్వే సగం తేలికవుతుంది. ల్యాబు ఖర్చు కూడా పెద్దగా పెరగదు. యాభై ముక్కలు కలిసినా ఒక్కోసారి పరీక్షకు వెళ్లేది ఒకటే నమూనా, మూడుసార్లు చేస్తే విభాగానికి మూడే. పెరిగేది కూలి ఖర్చు.

ఇప్పుడు మిగిలిన బెంగ పైపులైన్లది. గల్లీలో మంచినీళ్ల కనెక్షను కోసం ఎవరో బండలు లేపి తవ్వితే కింది మట్టి మళ్లీ పైకొస్తుంది. నారింజ వల కనబడితే ఆగమని వార్డులో పనిచేసే ప్లంబర్లకు చెప్పి ఉంచాం. తవ్విన మట్టిని అదే కాలువలో పూడ్చాలి, మిగిలితే బస్తాల్లో కట్టి లేఅవుట్ గోడౌన్‌లో ఇవ్వాలి. ఇప్పటిదాకా ఒకచోట తవ్వారు, మట్టి తిరిగి అందులోనే పడింది, బండ మాత్రం ఒకటి విరిగితే మార్పించాం.